ట్యాంకు నిండిన శనివారం

ఖాజాగూడ చెరువులో గుర్రపుడెక్క తీసే పడవ మీద నేను మూడేళ్ళు పనిచేశాను. పడవ అంటే తెడ్లు వేసుకుంటూ పోయేది కాదు, ఇనుప పంటు. ముందు నీళ్ళలోకి దిగే కత్తెర పళ్ళు, కోసిన డెక్కను పైకి లాగే వెడల్పాటి బెల్టు, ఇరుపక్కలా నీటిని తోసే చక్రాలు, వెనక మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండేవి. నడిపేదీ నేనే, బాగుచేసేదీ నేనే. అంతకుముందు కర్నూలు వైపు పంపుసెట్లు, లారీలు రిపేరు చేసేవాణ్ణి. భార్య పోయాక సాయంత్రం తాళం తీసుకుని ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం కష్టమైపోయింది. ఇక్కడ పని ఉందని తెలిసి వచ్చేశాను. కట్ట పక్కన రేకుల గది ఇచ్చారు.

చెరువు చుట్టూ అద్దాల భవనాలు. ఎండలో వాటి నీడ నీళ్ళ మీద పడి, పడవ వెళ్తుంటే ఒక్కో అంతస్తూ విరిగి మళ్ళీ అతుక్కునేది. మధ్యాహ్నం మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు కట్ట మీదికి టీ తాగడానికి వచ్చేవారు. ఒకసారి ఒక అమ్మాయి, "అంకుల్, జర పక్కకు జరుపుతారా, ఫోటోలో పడుతుంది" అని కేకేసింది. జరిపాను. ఆ వారంలో చెరువు దగ్గర పనికి సంబంధం లేకుండా నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే.

ఆదివారం మాత్రం వేరు. హఫీజ్‌పేట్‌లో బట్టల కొట్టు మీద అద్దెకు తీసుకున్న హాలులో మా సంఘం కూడుకునేది. నేను పుట్టింది విశ్వాసుల ఇంట్లో. అక్షరాలు రాకముందే కీర్తనలు వచ్చాయి. వాక్యం చదవకుండా ఏ రోజూ పొయ్యి వెలిగించలేదు. ఆ హాలులో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఒక పెద్దావిడ ఆడవాళ్ళ వరస చివర కుర్చీలో కూర్చునేది. నేను మగవాళ్ళ వరస చివర. మా ఇద్దరి మధ్య ఒక మనిషి నడిచేంత దారి. ఆవిడ హఫీజ్‌పేట్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. నేను అక్కా అనేవాణ్ణి, నన్ను తమ్మీ అనేది. కూటం అయ్యాక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టేది. జొన్నరొట్టె, ఏదో ఒక పచ్చడి. బుధవారం మధ్యాహ్నం ఒకసారి ఫోను చేసేది. "తిన్నవా తమ్మీ? ఇంజను నడుస్తుందా?" అంతే. ఆ రెండు ప్రశ్నల కోసం నేను వారంలో సగం ఎదురుచూసేవాణ్ణి.

ఆ ఏడు వానలు వెనకబడిన రోజుల్లో ఇంజనుకు గాలి పట్టడం మొదలైంది. డీజిల్ ఇంజనుకు డీజిలులో బుడగ పడకూడదు. ఫీడ్ పంపు ట్యాంకులోంచి డీజిలును లాగి ఫిల్టరు గుండా పై పంపుకు పంపుతుంది, అది సిలిండర్లలోకి చిమ్ముతుంది. దారిలో ఎక్కడ గాలి దూరినా చిమ్మే బలం పోతుంది. ముందు ఇంజను గొంతు మారుతుంది. పైకీ కిందికీ ఊగుతుంది, దగ్గుతుంది, ఆగుతుంది. అప్పుడు ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు పిడిని చేత్తో కొడుతూ ఉంటే మొదట నురగ వస్తుంది, తర్వాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. స్క్రూ బిగిస్తే మళ్ళీ నడుస్తుంది. ఇది పది నిమిషాల పని. కానీ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోకపోతే ఆ పది నిమిషాల పని రోజుకు పదిసార్లు చేయాలి.

ఫీడ్ పంపు దాటాక కన్నం ఉంటే డీజిల్ బయటికి కారుతుంది, వేలికి తడి తగులుతుంది. పంపుకు ముందు కన్నం ఉంటే ఏమీ కారదు. అక్కడ పైపు పీలుస్తూ ఉంటుంది కనుక బయటి గాలినే లోపలికి లాక్కుంటుంది. పైకి చూస్తే పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి, ఇది నాకు తెలుసు. అయినా రెండు వారాలు తడి కోసమే వెతికాను. రాగి వాషర్లన్నీ మార్చాను. రబ్బరు గొట్టం కొత్తది వేసి క్లిప్పులు బిగించాను. ఫిల్టరు గిన్నె కింది రబ్బరు మార్చాను. ఇంజను ఒక గంట నడిచేది, ఆగేది.

సైటు ఇంజనీరు గోదావరి వైపు మనిషి. ఫోనులో నవ్వుతూనే పొడిచేవాడు. "ఏవండీ, మీ పడవకి కూడా ఉపవాసం అలవాటు చేశారా ఏంటండీ? మధ్యాహ్నానికి పడిపోతోందట!"

నిజానికి ఆ శుక్రవారం ఉపవాసం ఉన్నది నేను. శనివారం పొద్దున సూర్యుడు భవనాల వెనక ఉండగానే పడవ ఎక్కి, చల్లటి ఇంజను మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థించాను. ఇనుము మీద చేతులుంచడం వింతగా అనిపించలేదు. నా బతుకు దాని మీదే ఉంది, దాన్ని దేవుడికి చూపించుకున్నాను, అంతే. కాసేపటికి డీజిల్ డ్రమ్ము వచ్చింది. మామూలుగా దొంగలు తీసేస్తారని ట్యాంకులో సగానికి మించి పోయనిచ్చేవారు కాదు. ఆ రోజు పెద్దసార్లు చూడటానికి వస్తున్నారని, మధ్యలో ఆగకూడదని, అంచు దాకా పోయించారు. ఇంజను ఆన్ చేశాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి దగ్గలేదు. పెద్దసార్లు వచ్చారు, చూశారు, వెళ్ళారు. చీకటి పడకముందే పడవ కట్టేసి, గదిలో మోకాళ్ళ మీద పడి ఏడ్చాను.

మరునాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో ఆ పది నిమిషాల్లో ఎవరికైనా దేవుడు మేలు చేసి ఉంటే లేచి చెప్పాలి. మూడేళ్ళలో నేనెప్పుడూ లేవలేదు. ఆ రోజు లేచాను. రెండు వారాల వెతుకులాట, ఉపవాసం, చేతులుంచడం అన్నీ చెప్పాను. "నేను చేసిన రిపేరు ఏదీ పనిచేయలేదు. దేవుడు ముట్టాడు, నడిచింది" అన్నాను. డ్రమ్ము సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, అది నాకు గుర్తుకే రాలేదు. హాలంతా స్తోత్రం అంది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు తెలియని మనుషులు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

మెట్ల దగ్గర అక్క డబ్బా ఇస్తూ అంది, "తమ్మీ, నీ సాక్ష్యం ఇంటుంటే నా పానం లేచొచ్చింది. ఇనుముకే చేసిండు, నాకు చెయ్యడా? ఇగ ఆ సుగర్ గోలీలు బంద్ పెడుతున్న."

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "నీ విశ్వాసం పెద్దది అక్కా" అన్నాను. గర్వంగా అన్నాను.

సోమవారం మధ్యాహ్నం చెరువు నడిమధ్యలో ఇంజను గొంతు మారింది. ఊగింది, దగ్గింది, ఆగింది.

చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. డెక్క ఆకులు పడవ అంచును రాసుకునే చప్పుడు వినిపించింది. దూరంగా పెద్ద రోడ్డు మీద బండ్ల హోరు. ఎదురుగా భవనం కిటికీ దగ్గర ఒకతను చెవి దగ్గర ఫోను పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. గాలికి పడవ మెల్లగా తిరిగింది. ఆ భవనం పోయి ఇంకో భవనం ఎదురొచ్చింది. ప్రభువా, నిన్ననే కదా చెప్పాను అనుకున్నాను. స్క్రూ వదులు చేసి పంపు కొట్టాను. నురగ వచ్చింది. వచ్చింది, వచ్చింది, ఎంతకీ తగ్గలేదు.

మంగళవారం కట్ట అవతల కొత్త భవనం కడుతున్న మేస్త్రీల దగ్గర మట్టం చూసుకునే తెల్లటి గొట్టం మూరెడు ముక్క అడిగి తెచ్చుకున్నాను. లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. దాన్ని పంపుకు ముందు కలిపి ఇంజను నడిపాను. బుడగలు. పూసల దండలా ఒకదాని వెనక ఒకటి. అంటే గాలి పంపుకు ముందే వస్తోంది. ఆ ముక్కను ఒక్కో అతుకు దాటించుకుంటూ ట్యాంకు వైపు జరిపాను. ఒక్కో అతుకుకూ పైపు విప్పాలి, బిగించాలి, గాలి తీయాలి, నడపాలి, కూర్చుని చూడాలి. అతుకు దాటినా బుడగలు ఉంటే తప్పు ఇంకా వెనక ఉన్నట్టు. ఆ రోజంతా వెనక్కే వెళ్ళాను.

బుధవారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. ఎప్పటి గొంతు కాదు, అరిగిపోయినట్టు ఉంది.

"తమ్మీ, తిన్నవా?"

"తిన్నా అక్కా. నీ గొంతు ఏమట్లుంది?"

"నోరు ఎండుకపోతుంది. ఎన్ని నీళ్ళు తాగినా గంతే. కండ్లు జర మసక. సాతాను శోధిస్తుండు, తట్టుకోవాలె." కాస్త ఆగి అడిగింది. "ఇంజను నడుస్తుందా తమ్మీ?"

నా మోకాళ్ళ మీద ఇంజను పైపు విప్పి ఉంది. చేతులు డీజిల్ కంపు కొడుతున్నాయి. ఎదురుగా తెల్లగొట్టంలో బుడగ ఒకటి ఇరుక్కుని అలాగే ఉంది.

"నడుస్తాంది అక్కా" అన్నాను.

"స్తోత్రం" అని పెట్టేసింది.

ఎందుకు అలా అన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఆ రోజు నాకు నేను చెప్పుకున్న కారణం ఆమె విశ్వాసం చెడగొట్టకూడదని. అది నిజం కాదు. లేదని చెబితే ఆదివారం నా చెయ్యి పట్టుకున్న వాళ్ళందరూ నన్ను ఎలా చూస్తారో అనుకున్నాను. అక్క డబ్బా ఇవ్వదేమో అనుకున్నాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ మా ఇంట్లో పాలపళ్ళు ఊడకముందే నేర్పుతారు. పొరుగువాడి మీద చెప్పకూడదని నాకు తెలుసు. దేవుడి తరఫున చెప్పినా అది అబద్ధమేనని ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. నేర్పవలసిన అవసరం ఉందని ఎవరూ అనుకుని ఉండరు.

గురువారం పొద్దున తెల్లగొట్టం ట్యాంకు నోటి దాకా చేరింది. ఇక దాని వెనక అతుకులు లేవు. అయినా బుడగలు వస్తూనే ఉన్నాయి. చాలాసేపు అర్థం కాలేదు. ట్యాంకులో ఉన్నది డీజిల్, డీజిలులోకి గాలి ఎలా వస్తుంది? మూత కింద పలకకు నాలుగు మరలు. విప్పి, ట్యాంకు అడుగు దాకా దిగి ఉండే పీల్చే పైపును బయటికి తీశాను. తుడిచి ఎండకు పట్టాను. పైనుంచి సగం కన్నా కొంచెం కిందికి, వెంట్రుకంత గీత. కింది మూతిని బొటనవేలితో మూసి, బకెట్ నీళ్ళలో ముంచి, పై మూతి నోట్లో పెట్టుకుని ఊదాను. గీత లోంచి బుడగలు లేచాయి.

అప్పుడు డ్రమ్ము గుర్తొచ్చింది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ పగులు డీజిలులో మునిగి ఉంటుంది. అది పీల్చినా డీజిలునే పీలుస్తుంది, హాని లేదు. మట్టం పగులు కిందికి దిగాక గాలి తగులుతుంది. శనివారం ఇంజను నడిచింది ట్యాంకు నిండినందుకు. సోమవారం మధ్యాహ్నానికి మట్టం దిగింది. అంతే. ఇందులో ఇంకేమీ లేదు. పైపు చేతిలో పట్టుకుని పడవ మీద నిలబడి ఉన్నాను. దేవుడు లేడని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆయన చెప్పమని అనని మాటను నేను ఆయన పేరు పెట్టి చెప్పాను, ఒక మనిషి ఆ మాట నమ్మి మందు మానేసింది. అది మాత్రం ఎండలో గీతలాగే స్పష్టంగా కనిపించింది.

ఇంజనీరుకు కూడా చెప్పకుండా పైపును పేపరులో చుట్టుకుని బస్సెక్కాను.

అక్క ఇల్లు అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన పాత పెంకుటిల్లు. కొడుకూ కోడలూ పనికి పోయారు. మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చోవడానికే ఆయాసపడింది.

"గిదేంది తమ్మీ, పైపు పట్టుకొచ్చినవ్? మా నల్లా మంచిగనే ఉంది."

"బకెట్ యాడుంది అక్కా?"

పెరట్లోంచి నీళ్ళు తెచ్చి ఆమె మంచం ముందు పెట్టాను. మాటలతో చెప్పే ధైర్యం లేదు. పైపు ముంచి ఊదాను. బుడగలు లేచాయి. ఆమె వంగి చూసింది.

"ఇదే అక్కా తప్పు. ట్యాంకు నిండుగా ఉంటే ఈ పగులు మునిగుంటాది, గాలి రాదు. సగానికి దిగితే పీలుస్తాది. శనివారం నిండా పోసినారు. అందుకే నడిచింది. నేను చేతులుంచినందుకు కాదు. సోమవారం ఆగిపోయినాది."

"సోమారమా?"

"సోమవారమే."

ఆమె నీళ్ళకేసే చూస్తూ అంది, "మరి నిన్న నేను ఫోన్ చేస్తె నడుస్తుందంటివి."

నేను తల వంచుకున్నాను.

"నేనడిగింది ఇంజను సంగతా తమ్మీ?"

పైపును నీళ్ళలోంచి తీశాను. "సిగ్గయినాది అక్కా" అన్నాను.

"ఇంజను ఆగితె ఆగింది. ఇనుము. ఆగుతది, నడుస్తది. నువ్వెందుకు గట్లన్నవ్?" కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "గోలీలు బియ్యం డబ్బాల దాచిన. కోడలు చూస్తదని. తీయ్."

తీశాను. ఒకటి వేసుకుంది. లేవబోయి మంచం కోడు పట్టుకుంది. ఆటో పిలిచి దవాఖానకు తీసుకువెళ్ళాను. వేలు పొడిచి చూసిన నర్సు ముఖం మారిపోయింది. డాక్టరు గట్టిగా అడిగాడు, "ఎవరమ్మా మానేయమన్నది?"

అక్క నన్ను చూసింది. తర్వాత డాక్టరును చూసింది.

"ఎవ్వరనలే సారూ. నేనే మర్చిపోయిన."

నన్ను కాపాడిందని అప్పుడు అనుకున్నాను. మూడు రోజులు గడిచాక, ఆ మాటతో నన్ను తన కథలోంచి తీసేసిందని అర్థమైంది. సెలైను పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు. కోడలు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ పేపరు చుట్ట నా ఒళ్ళోనే ఉంది.

శుక్రవారం పైపుకు వెల్డింగ్ పెట్టించి బిగించాను. ట్యాంకు అడుగంటే దాకా నడిపి చూశాను. తెల్లగొట్టంలో ఒక్క బుడగ లేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్ళీ లేచాను. పాస్టరుగారు సంతోషంగా తల ఊపారు. డ్రమ్ము సంగతి, పగులు సంగతి, సోమవారం సంగతి చెప్పాను. "పోయిన ఆదివారం నేను తొందరపడి దేవుడి పేరు పెట్టినాను. ఇంజను ఆగినంక కూడా నడుస్తాందని చెప్పినాను. నా మాట విని ఎవరైనా మందులు మానేసి ఉంటే ఈరోజే వేసుకోండి" అన్నాను. అక్క పేరు ఎత్తలేదు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "మనమందరం ఆలోచించుకోవలసిన విషయం" అని పాట అందుకున్నారు. కింద చెప్పులు వేసుకుంటుంటే నా వెనక ఒకాయన పక్కవాడితో అనడం వినిపించింది. "సాక్ష్యం వాపస్ తీసుకునుడు ఎక్కడన్న చూసినవా? ఇదేమన్న కోర్టా?" పక్కవాడు నవ్వాడు. నేను వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ వాళ్ళు వెళ్ళేదాకా ఉన్నాను.

రెండు ఆదివారాల తర్వాత అక్క వచ్చింది. చిక్కిపోయింది కానీ నడక బాగుంది. కుర్చీ అవతలి గోడ పక్కకు వేయించుకుంది, అక్కడ గాలి వస్తుందని ఎవరికో చెబుతోంది. నన్ను చూసి తల ఊపింది. డబ్బా లేదు. నేను అడగలేదు. బుధవారాలు మధ్యాహ్నం ఫోను పక్కన పెట్టుకునే తిన్నాను. మోగలేదు. వానలు పడ్డాయి, చెరువు నిండింది, డెక్క అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయి అక్కడ గుట్టలు పడింది. నేను రోజూ పొద్దున ఇంజను మీద చేతులుంచి ప్రార్థించడం మానలేదు. చేతులు తీసిన వెంటనే ట్యాంకులో పుల్ల దించి మట్టం చూసేవాణ్ణి. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి చేయడంలో నాకు తప్పేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

వానాకాలం అయిపోతుండగా ఒక బుధవారం ఫోను మోగింది. నేను కట్ట మీద గదిలో అన్నం ముందు కూర్చుని ఉన్నాను.

"తిన్నవా తమ్మీ?"

"తింటాండా అక్కా."

"గోలీ ఏసుకున్న నేను." అటునుంచి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఇంజను నడుస్తుందా?"

నడుస్తాందని నోటి దాకా వచ్చింది. పొద్దున్నుంచి నడిచింది కూడా. కంచం పక్కన పెట్టి లేచాను.

"ఒక్క నిమిషం ఉండక్కా" అన్నాను. "పోయి చూసి చెప్తా."

ఆమె ఫోను పెట్టేయలేదు. గది తలుపు తీసుకుని, తడి గట్టు మీద పడవ వైపు నడిచాను. చెవి దగ్గర ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది.